తాడు వాళ్ళది, చెయ్యి మనది

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్, పొద్దున అయిదున్నర. నాలుగు రోజుల కిందట పనిలో చేరిన కుర్రాడొకడు లాబ్రడార్‌ని పట్టుకుని లిఫ్టులోంచి బయటికొచ్చాడు. కాళ్ళకి హవాయి చెప్పులు, ఒక చేతిలో ఫోను. రెండో చేతికి మాత్రం లీష్‌ని బొంగరానికి తాడు చుట్టినట్టు నాలుగు చుట్లు బిగించి పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, ముందు ఆ చుట్లు విప్పు" అన్నాను.

"కుక్క తప్పిపోతే మేడమ్ ఊరుకోదన్నా. చుట్టుకుంటే జారదు కదా" అన్నాడు.

నా ఎడమ చేతి ఉంగరం వేలు చూపించాను. పై కణుపు దగ్గర అది వంగదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఇంట్లో జర్మన్ షెపర్డ్‌ని తిప్పేవాణ్ణి. బటన్ నొక్కితే సాగి, వదిలితే ప్లాస్టిక్ డబ్బాలోకి చుట్టుకుపోయే రకం లీష్ ఇచ్చారు. చూడ్డానికి షోగ్గా ఉండేది. లోపల ఉన్నది మాత్రం సన్నటి దారం. ఓ రోజు కారు కిందనుంచి పిల్లి దూకింది. కుక్క దాని వెంట పడింది. డబ్బా గిర్రున తిరుగుతోంది, బటన్ ఎక్కడుందో వేలికి అందలేదు, అలవాటు కొద్దీ దారాన్నే పట్టుకున్నాను. కుట్లు పడ్డాయి, నెల రోజులు పని పోయింది, ఆ నెల జీతమూ పోయింది. ఇంటివాళ్ళని ఏమని అంటాం? "ఇదేం లీష్ సార్, ఇంత కుక్కకి ఇది పనికిరాదు" అని నేనూ అనలేదు కదా.

ఈ పనిలో చిక్కంతా అక్కడే ఉంది. లీష్ కొనేది ఒకరు, పట్టుకునేది ఇంకొకరు. కొనేవాళ్ళు షాపులో రంగు చూస్తారు, మెడబెల్టుకి మ్యాచ్ అయిందా లేదా చూస్తారు. పట్టుకునేవాళ్ళం మనం: పొద్దునా సాయంత్రం నాలుగిళ్ళ కుక్కల్ని తిప్పే కుర్రాళ్ళు, కారు తుడిచాక కుక్కని కూడా ఓ రౌండు తిప్పమంటే కాదనలేని డ్రైవర్లు, వాచ్‌మన్‌లు. వంటామె కత్తి పదును చూసుకోకుండా కూరగాయలు ముందేసుకోదు. డ్రైవరు బ్రేకు తొక్కి చూడకుండా బండి గేటు దాటించడు. మనం మాత్రం తలుపు వెనక మేకుకి ఏది తగిలించి ఉంటే అది తీసుకుని బయల్దేరతాం.

అసలు పెద్ద కుక్క అంటే ఎంత? ఎదిగిన మగ లాబ్రడార్ 30 నుంచి 36 కిలోలు తూగుతుంది. జర్మన్ షెపర్డ్ 40 దాకా. రాట్‌వైలర్ 50 దాటుతుంది, గ్రేట్ డేన్ 60 దాటుతుంది. అయితే ఈ బరువులు మనల్ని పడెయ్యవు, 35 కిలోల బియ్యం బస్తా మనం మోయలేనిదేం కాదు. పడేసేది పరుగు. 35 కిలోల కుక్క సెకనుకి 5 మీటర్ల వేగం అందుకుని, తాడు చివరికొచ్చి జానెడు దూరంలో టక్కున ఆగిందనుకోండి. చేతి మీద పడే గుంజుడు 200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వేగం కుక్కకి పూర్తి పరుగు కూడా కాదు.

అందుకే నేను లీష్‌లో ముందు చూసేది పొడుగు. ఫాస్ట్ బౌలర్‌కి రనప్ ఎలాగో, కుక్కకి వదులుగా ఉన్న తాడు అలాగ. అయిదు మీటర్లు ఇస్తే అది బాణంలా వెళ్ళి చివర్లో కొడుతుంది. అడుగున్నర ఇస్తే ఊపు అందుకునే లోపే ఆగిపోతుంది. రోడ్డు మీద తిప్పడానికి 4 నుంచి 6 అడుగులు చాలు. ఇరుకు గల్లీలు, పార్కింగు, స్కూలు బస్సులు ఆగే గేటు ఉన్నచోట నాలుగైదు అడుగులదే నయం. నేర్పించడానికి ఆరు అడుగులది బాగుంటుంది, కుక్క తప్పు చేయడానికి కూడా కాస్త చోటు ఉండాలి కదా. కొన్ని లీష్‌లకి కొక్కేనికి జానెడు దూరంలో రెండో పిడి కుట్టి ఉంటుంది. పెద్ద కుక్కకి అది వరం. ఆటో దగ్గరగా వచ్చినప్పుడు ఆ పిడి పట్టుకుంటే కుక్క మన తొడకి ఆనుకుని ఉంటుంది.

ఆ డబ్బా లీష్ సంగతి ఇంక చెప్పక్కర్లేదు. చిన్న కుక్కలవాళ్ళు వాడుకుంటే వాడుకోనీండి. పెద్ద కుక్కకి వద్దు. అందులో ఇంకో గొడవ కూడా ఉంది. చెయ్యి జారి డబ్బా కింద పడితే, అది టకటకా చప్పుడు చేస్తూ కుక్క వెనకాలే దొర్లుకుంటూ వెళ్తుంది. ఏదో తరుముకొస్తోందని కుక్క ఇంకా బెదిరి ఇంకా పరిగెడుతుంది.

తరవాత, దేనితో చేసింది అన్నది. నైలాన్ చవక, గట్టిది, తడిసినా త్వరగా ఆరుతుంది. కానీ అరచేతిలోంచి సర్రున జారితే చర్మం కాలినట్టు లేచిపోతుంది. పట్టీ వెడల్పు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా సన్నదైతే వేళ్ళని కోస్తుంది, మరీ వెడల్పైతే పిడికిట్లో ఇమడదు. అంచుల మీద వేలు నడిపి చూడండి. గరుగ్గా ఉంటే ఆ షాపులోనే వదిలేసి రండి. నూలు పట్టీ చేతికి మెత్తగా ఉంటుంది, వానాకాలంలో మాత్రం తడిగుడ్డలా బరువెక్కి రెండు రోజులైనా ఆరదు. కొండలెక్కేవాళ్ళ తాడులాంటి గుండ్రటి లీష్‌లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. బొటనవేలంత లావుంటే పట్టు బాగుంటుంది. ప్లాస్టిక్ పూత పూసిన పట్టీలు కూడా ఉన్నాయి, బురదైతే కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. తడి చేతికి వాటిలో కొన్ని జారతాయి, కొనేముందు చెయ్యి తడిపి పట్టుకుని చూడండి.

నా చేతికి మాత్రం తోలుదే ఇష్టం. కొత్తలో బిరుసుగా ఉంటుంది. రెండు నెలలు వాడితే మన చేతి చెమట పట్టి అరచేతి వంపుకి అలవాటు పడుతుంది, జారదు, కోయదు. వెనకటికి మన ఊళ్ళల్లో తోలు చెప్పులకి ఆముదం పట్టించేవాళ్ళు చూశారా, దీనికీ అంతే. నెలకోసారి గుడ్డతో పల్చగా రాసి, మర్నాడు పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యాలి, లేకపోతే కుక్క నాకి కడుపు పాడు చేసుకుంటుంది. వానలో తడిస్తే నీడలో ఆరెయ్యాలి. ఎండలో పడేస్తే నెర్రెలిస్తుంది, తడిగా చుట్టి పెడితే బూజు పడుతుంది. ఇంత సేవ ఎవరు చేస్తారు అనుకుంటే నైలాన్‌కే పొండి, తప్పేం లేదు.

ఇక గొలుసు. చాలా ఇళ్ళల్లో లీష్ ఏదైనా సరే "ఆ చైను తీసుకురా" అనే అంటారు. మాటలోనే ఉంది తేడా. గొలుసు కట్టెయ్యడానికి, పగ్గం నడపడానికి. ఎద్దుల బండి తోలే మనిషి పగ్గాన్ని ఊరికే గుంజడు, వేళ్ళతోనే చిన్నగా కదిపి చెప్తాడు. గొలుసుతో ఆ మాట చెప్పడం కుదరదు. మధ్యలో పట్టుకుంటే చెయ్యి నలుగుతుంది, ఎండాకాలం తొమ్మిదికల్లా వేడెక్కి కాలుతుంది. లీష్ కొరికేస్తోందని గొలుసు కొంటారు. కొరికే అలవాటు అలాగే ఉండి, పళ్ళు మాత్రం అరుగుతాయి. కుక్కని గంటల తరబడి పొట్టి గొలుసుతోనో, మోయలేని గొలుసుతోనో కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఇంటివాళ్ళతో చట్టం మాట్లాడమని చెప్పడం లేదు. తెలిసి ఉంటే మంచిది.

పట్టీ తెగడం నేను ఒకటి రెండు సార్లే చూశాను. విరిగేది, ఊడేది దాదాపు ఎప్పుడూ కొక్కెమే. షాపులో హుక్కు అని అడగండి. బొటనవేలితో వెనక్కి లాగితే తెరుచుకుని, వదిలితే స్ప్రింగుతో మూసుకునే రకం ఎక్కువ. దాన్ని పది సార్లు తెరిచి మూయండి. ప్రతిసారీ టక్కుమని పూర్తిగా మూసుకోవాలి. లోపల ఇసుక చేరితే సగంలో ఆగుతుంది. అలా ఆగిన హుక్కు, కుక్క మెలికలు తిరిగినప్పుడు మెడబెల్టు రింగుకి అడ్డంగా పడి తెరుచుకుపోతుంది. హుక్కు అడుగున గిరగిరా తిరిగే కణుపు ఉంటుంది, అది బిగుసుకుపోకూడదు. పట్టీ మెలిపడకుండా చూసేది అదే. గట్టి ఇత్తడిది తుప్పు పట్టదు, చాలా ఏళ్ళు వస్తుంది. అయితే ఇత్తడి రంగు పూత వేసిన చవక పోత లోహాలు బజారు నిండా ఉన్నాయి. లోపలి వైపు ఎక్కడైనా తాళంచెవితో గీకి చూడండి. కింద తెల్లగా, బూడిదరంగుగా కనిపిస్తే అది ఇత్తడి కాదు. ఇక కుట్టు. పిడి దగ్గరా హుక్కు దగ్గరా నలుపలకగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కులా అడ్డంగా కూడా కుట్టి ఉండాలి. ఒక్క వరస కుట్టుని నమ్మకండి.

లీష్ ఎంత మంచిదైనా, రెండో కొస దేనికి తగిలించామన్నది చూసుకోవాలి. మెడబెల్టుకి తగిలిస్తే, బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. మూడు వేళ్ళు పట్టిందంటే కుక్క వెనక్కి నడిచి తల లాగేసుకుంటుంది. ముధోల్ లాంటి వేటకుక్కలకి తలకన్నా మెడే లావు, వాటికి లాగినప్పుడు కొంచెమే బిగిసే రకం బెల్టు కావాలి. ఎప్పుడూ లాగే కుక్కకి మెడబెల్టు మంచిది కాదు. ఊపిరి గొట్టం నలుగుతుంది, కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుంది. అలాంటి దానికి ఒంటికి తొడిగే హార్నెస్, షాపులవాళ్ళు బాడీ బెల్ట్ అంటారు, అదే వాడాలి.

కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హార్నెస్‌కి రింగు వీపు మీదుంటే కుక్క ఇంకా హాయిగా లాగుతుంది. మంచు మీద బండి లాగే హస్కీలకి తగిలించేది వెనకనుంచే. బలమంతా రొమ్ముమీదకి వస్తుంది, మెడ నొప్పి ఉండదు, ఇంకేం, లాగుడే లాగుడు. మూడో అంతస్తులో హస్కీని పెంచుతూ, వీపు రింగుకి లీష్ వేసి, "తెగ లాగుతోంది బాబూ, కంట్రోల్ చెయ్యి" అంటారు. లాగడానికే పుట్టిన జాతి, లాగడానికే పనికొచ్చే సామాను, మరి ఏం చేస్తాం! రొమ్ము మీద రింగున్న హార్నెస్ అడగండి. దానికి తగిలిస్తే, ముందుకి దూకిన కుక్క తనంతట తనే పక్కకి తిరిగి మన వైపు వచ్చేస్తుంది. బలం పెట్టే పని చాలా తగ్గుతుంది. మరీ బలమైన కుక్కైతే రెండు కొసలా హుక్కున్న లీష్ వాడి, ఒకటి రొమ్ము రింగుకి, ఒకటి మెడబెల్టుకి వేస్తాను. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.

బిగిసే గొలుసుబెల్టుతో, లోపలికి ముళ్ళున్న బెల్టుతో నేర్పించే పద్ధతి ఒకటుంది. నేనూ మొదట్లో అలాగే నేర్చుకున్నాను, దాచుకోవడం ఎందుకు. అప్పటికి పని అయిపోయినట్టే ఉంటుంది. తరవాత తెలుస్తుంది. ఎదురుగా పిల్లవాడు కనిపించినప్పుడల్లా మెడకి నొప్పి తగిలిన కుక్క, పిల్లవాణ్ణి చూస్తేనే గుర్రుమనడం మొదలెడుతుంది. ఇప్పుడు ఇస్తామన్నా తీసుకోను.

పట్టుకునే తీరు మాటల్లో చెప్పడం కష్టమే, అయినా చెప్తాను. పిడిలోంచి కుడి బొటనవేలు దూర్చండి. పిడిని అరచేతి మీద అడ్డంగా పడనిచ్చి పిడికిలి మూయండి. మణికట్టుకి తొడగొద్దు. కుక్క గుంజినప్పుడు బొటనవేలి మొదలు బరువు కాస్తుంది. మరీ ప్రమాదమైతే పిడికిలి తెరిస్తే చాలు, లీష్ జారిపోతుంది. మిగిలిన తాడుని అదే చేతిలో మడతలుగా పెట్టుకోవచ్చు, చుట్లుగా కాదు. ఎడమ చెయ్యి మధ్యలో తేలిగ్గా పట్టుకుంటుంది, కుక్క ఎడమ పక్కన నడుస్తుంది. పిడికిలి బొడ్డు దగ్గర, మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచితే గుంజుడు భుజం మీద కాక ఒళ్ళంతటి మీదా పడుతుంది. ఇంక కాళ్ళు. చేతిలో ఎంత గొప్ప లీష్ ఉన్నా కాళ్ళకి హవాయి చెప్పులుంటే, తడిసిన గ్రానైట్ మీద కుక్క మనల్ని స్కేటింగ్ చేయిస్తుంది. బూట్లు వేసుకోండి.

నేర్పించేటప్పుడు లీష్ వదులుగా ఉయ్యాల తాడులా కొంచెం వేలాడుతూ ఉండాలి. అది బిగిసిన క్షణం మీరు ఆగిపోండి. తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. గుంజితే కుక్క ఎదురు గుంజుతుంది, మనిషిని వెనకనుంచి తోస్తే వెనక్కి ఆనుకున్నట్టే. అది తిరిగి చూసి తాడు వదులైన మరుక్షణం, "ఆ, శభాష్" అని మీ కాలి పక్కనే ఒక ముక్క పెట్టి మళ్ళీ నడవండి. మొదటి రోజు గేటునుంచి మలుపు దాకా వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పైనుంచి చూసే ఇంటివాళ్ళకి మీరు ఏమీ చేయకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. అందుకే వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళు కూడా అలాగే చేయకపోతే మనం నేర్పింది ఆదివారానికల్లా పోతుంది.

పిలిస్తే రావడం నేర్పడానికి 5 నుంచి 10 మీటర్ల పొడుగు తాడు వేరే ఉంటుంది. దాన్ని ఖాళీ స్థలంలోనే వాడాలి, హార్నెస్‌కే తగిలించాలి. ఆ పరుగు మెడ మీద ఆగితే కుక్కకి ప్రమాదం. చేతికి గ్లౌజులు తప్పనిసరి. తాడు కొసకి ముడి గానీ పిడి గానీ లేకపోతే మంచిది, రాళ్ళకీ పొదలకీ చిక్కుకోదు.

ఇప్పుడు లిఫ్టు. అపార్ట్‌మెంట్లలో నాకు అన్నిటికన్నా భయం అదే. కుక్క లోపలికి దూరింది, మనం బయటే ఉన్నాం, తలుపు మూసుకుంది, లిఫ్టు కదిలింది, పిడి మన చేతిలో ఉంది. సన్నటి పట్టీని తలుపు కనిపెట్టలేకపోవచ్చు. ఆ తరవాత ఏమవుతుందో నేను రాయను. లిఫ్టు రాకముందే లీష్‌ని పొట్టిగా, కొక్కేనికి జానెడు దూరంలో పట్టుకోండి. ఇద్దరూ ఒకేసారి లోపలికి, ఇద్దరూ ఒకేసారి బయటికి. తలుపు పూర్తిగా మూసుకునేదాకా ఆ పట్టు వదలొద్దు. ఈ ఒక్క పని చేసేటప్పుడు ఫోను ఎత్తొద్దు, చేసింది మేడమే అయినా సరే.

వీధికుక్కలు ఎదురైతే మన చెయ్యి తెలియకుండానే లీష్‌ని బిగిస్తుంది. అది మన భయాన్ని కుక్కకి అందించడమే. తాడు పొట్టి చేయండి, కానీ బిగించకండి. మీరు మధ్యలోకి వచ్చి, అర్ధచంద్రాకారంలో పక్కకి తిరిగి వచ్చిన దారినే వెళ్ళిపోండి. పరిగెత్తొద్దు. కుక్కలు కలియబడితే మధ్యలో చెయ్యి పెట్టకండి. ఏ కుక్క కరిచినా, టీకాలు వేయించిన ఇంటికుక్క అయినా సరే, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఈ పనికి పేరున్నదే. రోజూ కుక్కలతో పని కాబట్టి కరవకముందే వేయించుకునే రేబిస్ టీకా గురించి డాక్టర్‌ని అడగండి, ఆ ఖర్చు ఇంటివాళ్ళని భరించమనడంలో సిగ్గు పడాల్సిందేం లేదు.

చట్టం మాట ఒకటి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్, జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ అంటుంది. అందులో యజమాని అనే మాట లేదు, జంతువు ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు అని ఉంది. రోడ్డు మీద లీష్ పట్టుకున్నది మనం. "ఆ లీష్ వాళ్ళిచ్చిందే సార్" అని స్టేషన్లో చెప్పడం కన్నా, మొదటి రోజే లీష్ సంగతి ఇంటివాళ్ళకి వాట్సాప్‌లో ఓ ముక్క పెట్టడం తేలిక. ఒక మనిషికి ఒక పెద్ద కుక్కే అన్న సంగతి కూడా అందులోనే రాసెయ్యండి. రెండేసి కుక్కల్ని పట్టుకోమంటే డబ్బు రెట్టింపు ఇస్తారేమో గానీ, చేతులు నాలుగు రావు.

సెల్లార్‌లో ఆ రోజు కుర్రాడికి ఇదంతా చెప్పలేదు, అంత టైము లేదు. లాబ్రడార్‌కి నా సంచిలోని లీష్ తగిలించి నేను పట్టుకున్నాను. ఎప్పుడూ సొంతది ఒకటి సంచిలో ఉంచుకుంటాను. వాడి లీష్ హుక్కుని గ్యాస్ పైపులు పోయే గది ఇనుప గ్రిల్లుకి వేసి, పిడి రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వెనక్కి వాలమన్నాను. మొదటిసారి ఏమీ కాలేదు. "ఇప్పుడు పక్కకి మెలితిప్పి, కుక్క గుంజినట్టు ఓ గుంజు గుంజు" అన్నాను. గుంజాడు. టింగుమని చప్పుడైంది, వాడు సిమెంటు నేల మీద కూలబడ్డాడు. హుక్కు నాలుక విరిగి కారు కిందకి దొర్లింది. విరిగినచోట పంచదార పలుకుల్లా బూడిదరంగు గరుకు. పైన మాత్రం బంగారంలా మెరుస్తోంది. లాబ్రడార్ వెళ్ళి వాడి చెవి నాకింది.

ఆ రెండు ముక్కల ఫోటో తీసి మేడమ్‌కి పంపించమన్నాను. అరగంటకి వాడే ఫోన్ చేశాడు.

"అన్నా, ఎలాంటిది కొనాలో రాసి పంపమంటోంది."

"అయిదడుగులు, 25 మిల్లీమీటర్ల వెడల్పు, గట్టి ఇత్తడి హుక్కు, జానెడు దూరంలో రెండో పిడి. రొమ్ము మీద రింగున్న హార్నెస్. రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"కింద నీ బూట్ల సైజు కూడా రాయి."